బొగ్గు మీద బంగారం

కార్డిఫ్,
నవంబరు 16

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించిందని తమ్ముడు చెప్పాడు. కొత్త మాత్రలు పడుతున్నట్టున్నాయి, తగ్గింది కదా అని మానేయనివ్వకండి.

మొన్న ఫోనులో మామయ్య అన్న మాటకు నేను నవ్వేసి ఊరుకున్నాను. మీరు మాత్రం నవ్వలేదు. “డాక్టరేటు చేతికొచ్చి ఇన్నేళ్ళయినా రెండేళ్ళకోసారి ఉద్యోగం కాగితం మారుతూనే ఉంది. అసలు ఈ పిల్ల చేసే పని ఏమిటి, అది ఎప్పటికి తెములుతుంది?” అని కదా ఆయన ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. ఫోనులో చెప్పబోతే ఎవరో ముక్కుపుడక మరమ్మతుకు వస్తారు, మీరు “సరే అమ్మా, మళ్ళీ మాట్లాడదాం” అంటారు. అందుకే ఈ ఉత్తరం. దుకాణం కట్టేశాక తీరిగ్గా చదవండి. మామయ్యకు వినిపించినా సరే, కాకపోతే బంగారం మాట రాగానే ఆయన తులం రేటులోకి దిగిపోకుండా చూసుకోండి.

నా పనికి కావలసిన ముఖ్యమైన సరుకు మూడే. బంగారం, బొగ్గు, ఆసిడ్. మూడూ మీ దగ్గర ఉన్నవే. మీరు చెదిరిన బంగారాన్ని ఒకచోటికి చేరుస్తారు. ఆకురాయి పట్టగా రాలిన రజను, తెగిన తీగ ముక్కలు, చాప కింద దుమ్ములో దొరికిన పొడి అన్నీ మూసలో వేసి, వెలిగారం చల్లి, కుంపటి మీద ఊది ఒక్క గుండు చేస్తారు. నేను ఆ గుండును తిరిగి చెదరగొడతాను. ఒక బంగారు పరమాణువుకు ఇంకో బంగారు పరమాణువు తగలనంతగా చెదరగొట్టి, బొగ్గు మీద కూర్చోబెట్టడం నా ఉద్యోగం.

ఎలా అని మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. చిన్న గాజు బీకరులో ఒక గ్రాము బొగ్గుపొడి తీసుకుంటాను. దానికి పట్టే బంగారం 10 మిల్లీగ్రాములు. మీ ఎలక్ట్రానిక్ త్రాసులో చివరి అంకె ఒకటి మారుతుంది, అంతే. దాన్ని నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్లు కలిపిన ఆక్వా రీజియాలో కరిగిస్తే పసుపు రంగు నీళ్ళు వస్తాయి. ఆ నారింజ రంగు పొగ మీకు తెలిసినదే, ఇక్కడైతే అద్దాల అరలో పెట్టి, పైనున్న ఫ్యాను ఆ పొగనంతా లాగేస్తుంటే చేస్తాం. ఆ పసుపు నీళ్ళను బొగ్గు మీద ఒక్కో చుక్కా వేస్తూ గాజు పుల్లతో కలుపుతూ ఉండాలి. విచిత్రం ఏమిటంటే చాలాసేపటి వరకు పొడి తడిసినట్టే కనిపించదు. చుక్క పడగానే మాయమవుతుంది. వేస్తూ పోగా ఒక దశలో పొడి ఒక్కసారిగా ముద్దకట్టి తడిగా మెరుస్తుంది. లోపలి రంధ్రాలన్నీ నిండాయన్న మాట. అక్కడ ఆపాలి. ఆపై నైట్రోజన్ వాయువు పారుతుండగా 140 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెడతాను. పొద్దున తీస్తే మళ్ళీ అదే నల్లటి పొడి. బంగారం జాడ కంటికి కనిపించదు. కనిపించకూడదు కూడా. ఎక్స్‌రే పరీక్షలో లోహపు బంగారం ఛాయ కాస్త తేలినా, ఆ పరమాణువులు ఒకదాన్నొకటి వెతుక్కుని గుండ్లు కట్టేశాయని అర్థం, ఆ పొడి నాకు పనికిరాదు.

చిలకలపూడిలో గిల్టు నగలకు వేసే పలుచని పూతలో కూడా వందల పొరల పరమాణువులు ఉంటాయి. నా పొడి చేయవలసింది రెండు వాయువులను కలిపే పని, ఎందుకో కింద రాస్తాను. ఆ పని జరిగేది పైపొర మీదే కాబట్టి, నా లెక్కలో కింది పొరలన్నీ దండగ. అందుకే విడివిడిగా పరచడం.

అంత చోటు ఒక గ్రాము బొగ్గులో ఎక్కడుందంటే, దాని కడుపులో. నేను వాడే బొగ్గు మీ కుంపటి బొగ్గు లాంటిది కాదు. కొబ్బరి చిప్పలను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గును మళ్ళీ 900 డిగ్రీల ప్రాంతంలో నీటి ఆవిరితో ఉడికిస్తారు. ఆ వేడికి ఆవిరి బొగ్గును కొంచెం కొంచెంగా తినేస్తుంది. తిన్నచోటల్లా కంటికి, మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందని సన్నని దారులు పడతాయి. చాలావాటి వెడల్పు 2 నానోమీటర్లు కూడా ఉండదు. ఆ దారుల గోడలన్నీ పరిచి కొలిస్తే గ్రాముకు 1000 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పావు ఎకరం. గోడల మీద నైట్రోజన్ అణువులను మైనస్ 196 డిగ్రీల చలిలో ఒక పొరగా పట్టించి, ఎన్ని పట్టాయో లెక్కించి ఆ విస్తీర్ణం చెబుతాం. 1938లో బ్రునవర్, ఎమ్మెట్, టెల్లర్ అనే ముగ్గురు కట్టిన లెక్క ఇది. ఈనాటికీ రంధ్రాల పదార్థాల మీద ఏ పరిశోధన పత్రం తీసినా ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు ఉండవలసిందే.

10 మిల్లీగ్రాముల బంగారంలో మూడు పక్కన 19 సున్నాలు పెట్టినన్ని పరమాణువులు ఉంటాయి. వాటిని ఆ పావు ఎకరంలో సమానంగా పంచితే ఒక్కోదానికి, దాని వెడల్పుకు ఇరవై రెట్లు పొడవూ అంతే వెడల్పూ ఉన్న స్థలం వస్తుంది. చోటుకు కరువు లేదు. అయినా ఎందుకు పోయి గుండు కడతాయన్నదే నా తలనొప్పి.

ఇంకో సంగతి మీకు నచ్చుతుంది. గనుల్లో రాతిని పిండి చేసి సైనైడ్ నీళ్ళలో బంగారాన్ని కరిగించాక, ఆ బురదలోంచి బంగారాన్ని పట్టి తెచ్చేది కూడా కొబ్బరి చిప్పల బొగ్గే. గట్టిగా ఉంటుంది, గిలకొట్టినా అరగదు. కోనసీమలో పొయ్యిలో పెట్టే చిప్పకు ఇంత విలువ ఉందని మామయ్యకు చెప్పండి, రేపే వ్యాపారం పెడతానంటారు.

ఇప్పుడు ఇదంతా దేనికి అన్నది. మన బోరు పైపులు, కరెంటు తీగల తొడుగులు, ఆస్పత్రిలో రక్తం సంచులు అన్నీ పీవీసీ. దాన్ని చేయడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి పెట్రోలియం దారి. రెండోది బొగ్గు దారి. బొగ్గునూ సున్నాన్నీ విద్యుత్ కొలిమిలో కాల్చితే కార్బైడు రాయి వస్తుంది, మామిడికాయలు దొంగతనంగా మగ్గబెట్టేవాళ్ళు వాడేదే. దాని మీద నీళ్ళు పోస్తే వచ్చే అసిటిలీన్ గ్యాసును హైడ్రోజన్ క్లోరైడుతో కలిపితే పీవీసీకి ముడిసరుకు తయారవుతుంది. చైనాలో బొగ్గు ఎక్కువ కాబట్టి అక్కడ పీవీసీలో చాలా భాగం ఈ దారిలోనే వస్తుంది. కాని ఆ రెండు వాయువులూ వాటంతట అవి కలవవు. కలిపేందుకు ఒక ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చయిపోకుండా చర్యను నడిపించే పదార్థం ఉండాలి. దశాబ్దాలుగా అక్కడ వాడుతున్నది బొగ్గుకు పట్టించిన పాదరసం లవణం. 180 డిగ్రీల వేడిలో ఆ లవణం కొద్దికొద్దిగా ఆవిరై పోతూ ఉంటుంది. ప్రపంచంలో పాదరసం ఎక్కువగా వాడే పరిశ్రమల్లో ఇదొకటి.

పాదరసం అనగానే మీకు తాతయ్య గుర్తొచ్చి ఉంటారు. నాకూ అంతే. ఆయన గుళ్ళకు మొలామా పని చేసేవారని మీరే చెప్పారు. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, రాగి మీద పూసి నిప్పుల మీద కాల్చితే, పాదరసం ఆవిరైపోయి పూత మిగిలేది. ఆ ఆవిరి ఎక్కడికి పోయిందని మన ఇంట్లో ఎవరూ అడగలేదు. చివరి రోజుల్లో ఆయన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు, అయినా తొణికేది. ముసలితనం అన్నారు. ముసలితనమే కావచ్చు, ఇప్పుడు తేల్చగలిగేది ఏమీ లేదు. కాని పాదరసం ఆవిరిని ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు వచ్చే ముఖ్య లక్షణం చేతుల వణుకు అని చదివినప్పటినుంచి ఆ ముసలితనం అన్న మాట నాకు మింగుడు పడడం లేదు. ఆయన ఒక్కరి చెయ్యి అయితే విధి అనుకుని ఊరుకుంటాం. జపాన్‌లో మినమాటా అనే ఊళ్ళో ఒక కర్మాగారం, ఇదే అసిటిలీన్ నుంచి వేరే రసాయనం చేయడానికి పాదరసం వాడి, మిగిలిన వ్యర్థాన్ని సముద్రంలోకి వదిలింది. చేపలు తిన్న జాలరి కుటుంబాలు నరాలు దెబ్బతిని కుప్పకూలాయి. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో చాలా దేశాలు పాదరసం మీద ఒప్పందం చేసుకున్నాయి. 2017 నుంచి అది అమల్లో ఉంది, మన దేశం కూడా అందులో చేరింది. పీవీసీలో పాదరసాన్ని మాన్పించడం ఆ ఒప్పందంలోని లక్ష్యాల్లో ఒకటి.

పాదరసం స్థానంలో ఏది పెట్టాలి? ఇక్కడే నేనున్న ఊరి కథ వస్తుంది. జపాన్‌లో షినోడా అనే ఆయన రకరకాల లోహాల లవణాలను బొగ్గు మీద పెట్టి, ఏది ఎంత పని చేస్తుందో కొలిచి 1975లో ప్రచురించారు. తర్వాత దక్షిణాఫ్రికాలో ఒక రసాయన కంపెనీలో పని చేస్తున్న గ్రాహమ్ హచింగ్స్ ఆ అంకెలనే తీసుకుని, ఆ లోహాల విద్యుత్ స్వభావానికి ఎదురుగా గ్రాఫులో వేసి చూశారు. చుక్కలన్నీ ఒక వరుసలో పడ్డాయి. ఆ వరుసను పొడిగిస్తే పాదరసం కన్నా పైన, అన్నిటికన్నా మంచి ఉత్ప్రేరకం బంగారం కావాలి. 1985లో ఆ మాట అచ్చులో అన్నారు. బంగారం దేనితోనూ కలవని బద్ధకపు లోహం, దానితో రసాయనం ఏమిటి అని అందరూ అనుకునే రోజులు అవి. తుప్పు పట్టదు, నల్లబడదు అనే కదా మన వృత్తి నిలబడింది! ప్రయోగం చేసి చూస్తే ఆ మాట నిజమైంది. ఆయన 1997లో కార్డిఫ్ వచ్చారు, ఉత్ప్రేరకాల పరిశోధనకు ఈ ఊరికి ఇంత పేరు రావడానికి ఆయన పెద్ద కారణం.

అయినా కర్మాగారాలు వెంటనే మారలేదు. బంగారం ధర ఒక అడ్డు. ఆక్వా రీజియాతో టన్నుల లెక్కన పని చేయడం ఇంకో అడ్డు, నా బీకరులో చుక్కలు వేసినట్టు కాదు. చివరికి జాన్సన్ మాథీ కంపెనీతో కలిసి ఇక్కడివాళ్ళు బంగారాన్ని థయోసల్ఫేటుతో కట్టి నీళ్ళలో కరిగే రూపం ఇచ్చారు. పాత ఫోటో స్టూడియోల్లో హైపో అనేవాళ్ళే, ఆ జాతి ఉప్పు. దాంతో ఆక్వా రీజియా అక్కర్లేకుండా పోయింది, బంగారం కూడా నేను వాడే ఒక శాతం కన్నా చాలా తక్కువ సరిపోయింది. ఆ సరుకు చైనా కర్మాగారాల దాకా వెళ్ళింది.

ఇంత జరిగాక కూడా బొగ్గు మీద బంగారం ఏ రూపంలో ఉండి పని చేస్తోందో చాలాకాలం తేలలేదు. పని అయిపోయాక తీసి చూస్తే గుండ్లు కనిపించేవి, కాబట్టి గుండ్లే పని చేస్తున్నాయేమో అని కొందరి వాదన. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని డైమండ్ కేంద్రంలో అతి శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలను, చర్య జరుగుతుండగానే ఉత్ప్రేరకం మీదికి పంపి చూశాక 2017లో జవాబు దొరికింది. పని చేసేవి విడివిడి బంగారు అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు. గుండు కట్టినవి వట్టి బరువు.

ఇందులో నా వాటా బొగ్గు వైపుది. మీకు తెలిసిందే, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో పీహెచ్‌డీ చేసినప్పుడు పంచదార నుంచి కర్బనం చేసేదాన్ని. అమ్మ ఇప్పటికీ ఊరంతా అదే చెబుతుంది, “మా అమ్మాయి పంచదార మాడ్చి డాక్టరయింది” అని. అది అచ్చు పని నాన్నా, మీకు చెబితే వెంటనే అర్థమవుతుంది. వరుసగా, ఒకే కొలతలో రంధ్రాలున్న సిలికా పొడిని అచ్చుగా తీసుకుని, అందులోకి పంచదార పాకం, గంధకికామ్లం పట్టించాలి. అది పసుపై, గోధుమ రంగై, నల్లబడుతుంది. గాలి లేకుండా 900 డిగ్రీల దాకా కాల్చి, తర్వాత సిలికాను కరిగించి తీసేస్తే, అచ్చులో పోసినట్టు క్రమమైన రంధ్రాలతో కర్బనం మిగులుతుంది. 1999లో కొరియాలోని దేజాన్‌లో ర్యోంగ్ ర్యూ బృందం దారి చూపిన పద్ధతి. ఆ ఊళ్ళోనే తర్వాత నేను పని చేసింది, కిమ్చీ అలవాటైంది, చలి అలవాటు కాలేదు.

ఆ కర్బనం అందమైనది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే మీరు గీసిన గీతల పనిలా వరుసలు తీరి ఉంటుంది. కాని కర్మాగారానికి అది ఖరీదు ఎక్కువ. అచ్చును చేయాలి, మళ్ళీ దాన్ని పాడు చేయాలి. కొబ్బరి చిప్ప ముందు అది నిలవలేదు. నా పీహెచ్‌డీ అంతా దండగ అని దీని అర్థం కాదు. కొబ్బరి బొగ్గులో అడ్డదిడ్డంగా ఉన్న దారుల్లో ఏది ఏం చేస్తుందో విడదీసి చెప్పలేం. అచ్చు కర్బనంలో ఒక్కో సంగతి మార్చి చూడవచ్చు. అక్కడ నేర్చినదాన్ని ఇప్పుడు చిప్ప బొగ్గు మీద వాడుతున్నాను.

ఉత్ప్రేరకం రెండు విధాలుగా చస్తుంది. బంగారం గుండ్లు కట్టి, లేదా అసిటిలీన్ నుంచి వచ్చే తారు లాంటి మడ్డి రంధ్రాలను మూసేసి. బొగ్గు గోడల మీద ఆక్సిజన్ అంటుకున్న చోట్లు, గోడ విరిగిన చోట్లు ఉంటాయి. బంగారం అయాను అక్కడ పట్టు దొరికించుకుంటుంది. ఆ చోట్లు ఎన్ని ఉంటే మంచిది, ఏ వెడల్పు దారిలో ఉంటే మడ్డి తొందరగా కట్టదు అన్నది నా ప్రశ్న. బొగ్గును నైట్రిక్ ఆసిడ్‌లో ఉడికించి ఆ చోట్లను పెంచుతాను, వేడి చేసి తగ్గిస్తాను, కొలుస్తాను. చెప్పడానికి రెండు వాక్యాలు. చేస్తుంటే, ఒక బస్తా బొగ్గు ఇంకో బస్తాలా ఉండదు. చిప్పలో మిగిలిన పొటాషియం, బూడిద కూడా మన లెక్కను తారుమారు చేస్తాయి, ముందుగా కడగాలి. నెలల తరబడి ఒకే పని చేస్తున్నట్టు కనిపించేది అందుకే.

చచ్చిన ఉత్ప్రేరకంలోని బంగారం పారేస్తారా అని అడుగుతారేమో. పారేయరు. బొగ్గును తగలబెట్టి బూడిదలోంచి తీస్తారు. మన దుకాణం ఊడ్చిన దుమ్ము కొనుక్కెళ్ళేవాళ్ళు చేసే పనే, పెద్ద ఎత్తున.

ఎప్పటికి తెములుతుంది అన్నదానికి జవాబు పైనే ఉంది. 1985లో కాగితం మీద చెప్పిన మాట కర్మాగారం చేరడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ మధ్య కాలంలో దాని మీద పని చేసినవాళ్ళలో చాలామందివి నాలాంటి రెండేళ్ళ, మూడేళ్ళ కాగితాలే. పని ముప్పై ఏళ్ళది, జీతం రెండేళ్ళది. ఈ పద్ధతి మీద నాకు కోపం లేదని అనను, ప్రపంచమంతటా పరిశోధన ఇలాగే నడుస్తోంది, అది బాగా లేదు. కాని పని మీద నాకు విసుగు రాలేదు. మీరు కాసులపేరుకు కాసులు కడుతూ “ఇంకా ఎన్నాళ్ళు” అని ఎవరైనా అడిగితే ఏ ముఖం పెట్టేవారో, మామయ్య అడిగినప్పుడు నేను అదే పెట్టాను, ఫోనులో కనిపించలేదు కాబట్టి సరిపోయింది.

మన దేశంలో కూడా దరఖాస్తులు పెడుతున్నాను. పోయినసారి ఒకచోట ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన “బంగారం కొనడానికి డబ్బు ఎవరిస్తారమ్మా?” అన్నారు. ఒక్క ప్రయోగానికి పట్టే బంగారం, ఆరబెట్టడానికి వాడే నైట్రోజన్ సిలిండరు కన్నా చవక అని చెప్పాను. నమ్మినట్టు లేదు. హైదరాబాదులో కానీ విశాఖలో కానీ వస్తే సంతోషంగా వస్తాను. రాకపోతే ఇక్కడి కాగితం వచ్చే ఏడాది చివరి దాకా ఉంది, కంగారు పడవలసింది లేదు.

ఇక మీరు చేయవలసినవి. ఆసిడ్ పెట్టే మూలకు ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించండి, కిటికీ తెరిస్తే చాలు అని తప్పించుకోకండి. డబ్బు తమ్ముడి ఖాతాలో వేశాను, బిల్లు ఫోటో పంపమనండి. అటక మీద తాతయ్య పెట్టెలో పాదరసం సీసా ఉంది. దాన్ని పారబోయవద్దు, కాలవలో పోయవద్దు, ఎవరైనా కొంటామన్నా ఇవ్వవద్దు. పిల్లలను దాని దగ్గరికి రానివ్వకండి. మూత బిగించి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఇంకో గట్టి డబ్బాలో పెట్టి, దుకాణంలో కాకుండా వెనక గదిలో తాళం వేసి ఉంచండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటు కనుక్కుని నేనే వచ్చాక అప్పగిస్తాను. సంక్రాంతికి టికెట్ దొరికితే వస్తున్నాను, అమ్మకు ఇప్పుడే చెప్పకండి.

మీ అమ్మాయి,
వాణి